ఉపాధి పని ఆగితే ఆరేది ఎవరి పొయ్యి?

(పలాసలో మన సంఘం నిర్వహించిన అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. ఉద్దానం మండలాలతో పాటు టెక్కలి వైపు నుంచి కూడా రైతులు, కౌలు రైతులు, ఉపాధి కూలీలు, జీడి కార్మికులు హాజరయ్యారు.)



నేను మాట్లాడాల్సింది రాసుకునే వచ్చాను. కానీ ఇందాక బయట టీ తాగుతుంటే టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. నాకు బాబాయి వరస. "ఏరా అబ్బాయ్, ఉభాలప్పుడు, కోతలప్పుడు కలిపి రెండు నెలలు ఉపాధి పని ఆపేత్తారట కదా. మంచిదే కదేటి? కూలోలు దొరక్క సచ్చిపోతన్నాం. రైతు సంఘం అని పేరెట్టుకుని దాన్నెందుకు కాదంటారు?" అన్నారు. ఆయన ఇక్కడే మూడో వరుసలో కూర్చున్నారు. రాసుకున్నది పక్కన పెట్టి, ఈ పూట ఆయనకే జవాబు చెప్తాను. ఎందుకంటే ఆ ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు. ఈ హాల్లో సగం మంది మనసులో ఉంది. పైకి అనలేదు, అంతే.

ఈ పథకం ఎలా వచ్చింది

కరువు పనులు మనకు కొత్త కాదు. తెల్లవాడి కాలంలో మన టెక్కలి, పలాస అంతా గంజాం జిల్లాలో ఉండేది. కరువొస్తే రాళ్లు కొట్టించి, చెరువులు తవ్వించి పిడికెడు గింజలు పెట్టేవారు. అది దయ. ప్రభువుకు ఇష్టమైతే పెడతాడు, లేకపోతే లేదు. స్వతంత్రం వచ్చాక పనికి ఆహారం వంటివి వచ్చాయి. వాటిలోనూ కాంట్రాక్టరు తిన్నది తినగా మిగిలింది కూలికి దక్కేది. మహారాష్ట్రలో 1972 కరువు తర్వాత, అడిగినవాడికి పని ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అనే పద్ధతి మొదలైంది. దేశం మొత్తానికి ఆ మాటను చట్టంగా చేసింది 2005లో. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాన్ని ప్రారంభించారు. మన శ్రీకాకుళం జిల్లాకు రెండో విడతలో, 2007లో వచ్చింది. 2008 ఏప్రిల్ నుంచి దేశమంతా అమలైంది.

ఆ చట్టంలో అసలు బలం 100 రోజులు అనే అంకెలో లేదు. "అడిగితే" అనే మాటలో ఉంది. నువ్వు కాగితం మీద పని అడిగితే 15 రోజుల్లో చూపించాలి. చూపించకపోతే మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం నిరుద్యోగ భృతిగా ఇవ్వాలి. 5 కిలోమీటర్లు దాటితే 10 శాతం ఎక్కువ ఇవ్వాలి. కాంట్రాక్టరు ఉండకూడదు, మనిషి చేసే పనిని యంత్రంతో చేయించకూడదు. ఆడ, మగ కూలిలో తేడా ఉండకూడదు. పేదవాడు దండం పెట్టి అడగాల్సిన చోట దరఖాస్తు పెట్టి అడిగే రోజు వచ్చింది. మన ప్రాంతంలో ఇది చిన్న మార్పు కాదు.

ఒక ఇంటి ఏడాది లెక్క

వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం హోరు వినపడేంత దూరంలో ఒక ఊరు. ఊరి పేరు, మనిషి పేరు అక్కర్లేదు. ఆ ఇల్లాలిని నాకు పదేళ్లుగా తెలుసు. 60 సెంట్ల జీడితోట, వానాధారంగా 40 సెంట్ల మడి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరం మీదే ఒడ్డుకు తగిలింది. వాళ్ల పెరట్లో ఉన్న కొబ్బరి చెట్లన్నీ ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొబ్బరి మొక్క పెట్టి కాయ కోయాలంటే ఐదారేళ్లు ఆగాలి. ఆ ఐదారేళ్లూ తినేదెలా? భర్త చెన్నై వెళ్లిపోయాడు, సెంట్రింగ్ పనికి. సంక్రాంతికి వస్తాడు, కనుమ వెళ్లగానే పలాస స్టేషన్‌లో రైలెక్కుతాడు. అత్తగారికి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. కొడుకు ఇంటర్, కూతురు ఎనిమిదో తరగతి. ఆవిడ ఏడాదిలో కొన్నాళ్లు కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీస్తుంది. కిలోల లెక్కన కూలి. వేసవిలో ఉపాధి పని.

పోయిన వేసవిలో ఆవిడకు 62 రోజుల పని దొరికింది. రాష్ట్రంలో కూలి రేటు 2024–25లో 300, 2025–26లో 307. కానీ కొలతలు వేసి, గుంపుకు పంచేసరికి ఆవిడకు పడింది సగటున 250. మొత్తం 15,500 రూపాయలు. "ఇంతేనా?" అంటారు. ఇంతే. భర్త పంపే డబ్బుతో పోలిస్తే చిన్నదే. మరి ఆవిడ దాన్ని ఎందుకంత గట్టిగా పట్టుకుంది? నేను అడిగాను. ఆవిడ చెప్పింది ఇది: "ఆయన పంపిన డబ్బు ఎప్పుడొత్తదో తెలీదు బాబూ. ఇది నా పేరు మీద పడతాది. జూన్‌లో పడతాది."

జూన్ అన్న మాట పట్టుకోండి. జూన్‌లో బడి తెరుస్తారు, విత్తనం కొనాలి, దుక్కి దున్నించాలి. పేద ఇంట్లో అప్పు పుట్టే నెల అది. మన దగ్గర చేబదులు వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. 15,500 అప్పు తెస్తే నెలకు 465 వడ్డీ. జూన్ నుంచి సంక్రాంతికి ఏడు నెలలు, 3,255. ఈ వడ్డీ ఆవిడకు తప్పింది.

ఇంకొకటి ఉంది, ఇది రైతులుగా మనం వినాల్సిన మాట. పోయినేడాది దాకా ఆవిడ జీడి పూత మీద ఉండగానే దళారీ దగ్గర బయానా తీసుకునేది. పిక్కలు రాలేసరికి రేటు అతను చెప్పిందే. ఈసారి చేతిలో ఉపాధి డబ్బులు ఉన్నాయి కనుక బయానా తీసుకోలేదు. రెండు బస్తాల పిక్కలు ఆరబెట్టి ఇంట్లో పెట్టుకుంది. రేటు కొంచెం లేచాక అమ్మింది. బాబాయ్, ఆవిడ కూలీయా, రైతా? జాబ్‌కార్డు చూస్తే కూలీ. పట్టాదారు పుస్తకం చూస్తే రైతు. ఉద్దానంలో పది ఇళ్లు తిరిగి చూడండి, ఎన్ని ఇళ్లలో ఈ రెండూ ఒకే ట్రంకు పెట్టెలో ఉన్నాయో.

కూలి రేట్లు పెరిగిన మాట నిజమే

ఉపాధి వచ్చాక కూలి రేట్లు పెరిగాయి, రైతుకు భారమైంది అంటారు. పెరిగిన మాట నిజం. దాన్ని దాచి మాట్లాడితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కూలిని స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మన పక్క విజయనగరంతో సహా 8 జిల్లాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ పెద్ద అధ్యయనం చేశారు. లాటరీ తీసి కొన్ని మండలాల్లో కార్డులు ముందు ఇచ్చారు, కొన్నింట్లో తర్వాత ఇచ్చారు. రెండింటినీ పోల్చి చూశారు. కూలి సక్రమంగా అందిన మండలాల్లో జాబ్‌కార్డు ఉన్న కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి డబ్బు కాదు, బయట పనుల్లో వచ్చింది. అంటే, ఉపాధి పని నమ్మకంగా దొరికేసరికి కూలీ ఇంకో చోట "ఈ రేటుకు రాను" అనగలిగాడు. రేటు పెరిగింది. విచిత్రం ఏమిటంటే, రేటు పెరిగినా బయట పనులు తగ్గలేదు, పెరిగాయి. భూమి కొద్దిమంది చేతిలో ఉన్న ఊళ్లలో ఇంకా ఎక్కువ పెరిగాయి. దీని భావం సులభమే. అక్కడ ఇంతకాలం కూలి తక్కువగా ఉన్నది రైతుకు స్తోమత లేక కాదు, కూలీకి వేరే దారి లేక.

అదే అధ్యయనం భూమి మీద వచ్చే రాబడి కొంత తగ్గిందని కూడా చెప్పింది. బాబాయి బాధ అదే. ఐదెకరాలు, పదెకరాలు కూలీలతో చేయించేవారికి ఆ బాధ ఉంది. సంఘం దాన్ని తీసిపారేయదు. కానీ నష్టం ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. 2025–26లో వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,369. మన 80 కిలోల బస్తాకు 1,895. కళ్లం దగ్గర ఎంత వచ్చిందో మీకు తెలుసు, నేను చెప్పనక్కర్లేదు. జీడికి అసలు మద్దతు ధరే లేదు. 80 కిలోల బస్తాకు 16 వేలు ఇవ్వమని మనం అడుగుతూనే ఉన్నాం, ఆఫ్రికా నుంచి పిక్కలు దిగుతూనే ఉన్నాయి. ఎరువు రేటు పెరిగింది, ట్రాక్టరు అద్దె పెరిగింది, కౌలు పెరిగింది. వీటన్నిటి మీదా మనకు పట్టు లేదు. పట్టున్నది ఒక్క కూలి మీదే. అందుకని కోపమంతా అక్కడ తీరుతోంది. మన కంటే బలహీనుడి జేబులోంచి తీసి మన నష్టం పూడ్చుకుందామంటే అది వ్యవసాయం కాదు. పైగా మన ఊరి దుకాణంలో, మన పిక్కల పప్పు కొనే సంతలో ఖర్చయ్యేది ఆ కూలి డబ్బే.

మరో సంగతి. ఉపాధిలో ఆడ, మగ ఒకటే రేటు. దేశం మొత్తం మీద ఈ పథకం పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే. మన పొలాల్లో ఇప్పటికీ ఆడకూలి వేరు, మగకూలి వేరు. వంగి నాటు వేసే నడుముకు తక్కువ, గట్టు మీద నిలబడే కాలికి ఎక్కువ. ఇక్కడున్న అక్కలు నవ్వుతున్నారు. ఆ నవ్వుకు మనం జవాబు చెప్పాలి.

ఉద్దానం క్యాలెండరు వేరు

ఇప్పుడు రెండు నెలల విరామం సంగతి. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. వికసిత్ భారత్ – గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్) అని పేరు. పత్రికలు వీబీ–జీ రామ్ జీ అంటున్నాయి. అందులో 100 రోజులను 125 చేశారు. ఇది మంచిదే, మనమూ ఎప్పటినుంచో అడుగుతున్నాం. అయితే విత్తే కాలంలో, కోత కాలంలో కలిపి ఏడాదికి 60 రోజులు పని ఆపాలన్నారు. ఏ 60 రోజులో రాష్ట్ర ప్రభుత్వం ముందే ప్రకటిస్తుంది.

మన ఏడాదిని ఒకసారి వేళ్ల మీద లెక్కేద్దాం. జూలై, ఆగస్టు ఉభాలు. నవంబరు, డిసెంబరు కోతలు, నూర్పులు. మార్చి నుంచి మే దాకా జీడి పిక్కలు ఏరడం. కొబ్బరి ఏడాది పొడుగునా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, మత్స్యకారుల ఇళ్లలో ఆడవాళ్లకు అప్పుడు ఉపాధి పనే దిక్కు. మన జిల్లాలో ఉపాధి పని ఎక్కువగా జరిగేది ఫిబ్రవరి నుంచి జూన్ వరకు. వానల్లో మట్టిపని సాగదు. అంటే బాబాయ్, మీ ఉభాలప్పుడు ఉపాధి పని మామూలుగానే తక్కువ. దాన్ని చట్టం పెట్టి ఆపినా మీ పొలానికి కొత్తగా వచ్చే కూలీలు ఎంతమంది? ఊడ్పులకు మనిషి దొరకనిది ఉపాధి చెరువు దగ్గర ఉండి కాదు. ఆ మనిషి చెన్నైలో, హైదరాబాదులో, విశాఖలో ఉన్నాడు. రెండు నెలలు పని ఆపితే, మిగిలిన మనిషి కూడా రైలెక్కే ప్రమాదం ఉంది.

ఇంకొక లెక్క. టెక్కలి వైపు వంశధార ఎడమ కాలువ కింద ఉభాలు ఒకప్పుడు. అదే కాలువ గొట్టా నుంచి వంద కిలోమీటర్లు దాటి వచ్చే పలాస, వజ్రపుకొత్తూరు శివార్లలో నీళ్లు అందేది ఇంకొకప్పుడు, అదీ అందితే. మందస కొండల మీద సవరల పోడు ఇంకో రకం. జీడితోటల ఊళ్లకు రద్దీ ఏప్రిల్‌లో. వీళ్లందరికీ కలిపి శ్రీకాకుళం జిల్లా అంతటికీ ఒకటే 60 రోజులు అని గీత గీస్తే అది ఎవరి పంటకూ సరిపోదు. ప్రాంతాన్ని బట్టి వేర్వేరుగా ప్రకటించే వీలు ఉంది. ఆ వీలును వాడుకోవాలంటే మన గ్రామసభలు ముందే తీర్మానం చేసి పంపాలి. మనం పంపకపోతే ఏసీ గదిలో కూర్చున్నవారు గీస్తారు.

ఇక తుపాను మాట. తిత్లీ వచ్చింది అక్టోబరులో. అంతకుముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, రెండూ అక్టోబరే. పొట్ట మీదున్న వరి పడిపోయాక కోత ఎక్కడిది? కోత పని లేదు, ఆ కోత కోసమని ఆపిన ఉపాధి పనీ లేదు. అలాంటి వేళ సడలింపు ఇస్తారని చెప్తున్నారు. ఇవ్వొచ్చు. కానీ ఆ కాగితం పైనుంచి కిందికి దిగేసరికి మన మనిషి రైలెక్కి ఉంటాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ పథకం తలుపు తెరిచి ఉంది కాబట్టే వలస నుంచి నడిచొచ్చినవాళ్లు వెంటనే పనిలో దిగారు. ఆ ఏడాది దేశంలో 389 కోట్ల పనిదినాలు జరిగాయి. ముందే తలుపుకు తాళం వేసి ఉంటే ఏమయ్యేది?

డబ్బు ఎవరిది

విరామం కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, దాని మీద చర్చ తక్కువ జరుగుతోంది. పాత చట్టంలో మట్టిపని కూలి మొత్తం కేంద్రం ఇచ్చేది. సామగ్రి ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించేది. కొత్త చట్టంలో మన వంటి రాష్ట్రాలకు 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం. ఏ రాష్ట్రానికి ఎంతో ముందే కేంద్రం నిర్ణయిస్తుంది. దాటితే ఆ ఖర్చు రాష్ట్రానిదే. అంటే ఇంతకాలం జనం అడిగినదాన్ని బట్టి డబ్బు కదిలేది. ఇప్పుడు డబ్బును బట్టి జనం అడగాలి. ఖజానాలో లేదనుకోండి, పైనుంచి కింద దాకా ఒకటే మాట వస్తుంది: "ఈ వారం పని లేదు, వచ్చే వారం చూద్దాం." పని లేదని ఎవరూ రాసివ్వరు. నోటితో చెప్తారు.

125 రోజులు అన్నది కాగితం మీద అంకె. 100 రోజులు ఉన్నప్పుడే దేశ సగటు ఏటా ఒక కుటుంబానికి 50 రోజుల దరిదాపుల్లో ఆగిపోయింది. సగం దాటని బండికి ఇంకో పాతిక మైళ్లు రాసి ఇస్తే చేరుకుంటుందా?

ఎండ, కిడ్నీ, నీళ్లు

మన ఉద్దానం గురించి మాట్లాడుతూ కిడ్నీ మాట ఎత్తకుండా ఉండలేం. ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి మంచినీటి పథకం వచ్చింది. రెండూ 2023 డిసెంబరులో ప్రారంభించారు. పోరాడితే వచ్చాయి. కానీ మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలకు కూడా ఇలాంటి అంతుబట్టని కిడ్నీ జబ్బే ఉంది. మండుటెండలో, నీళ్లు తాగకుండా చేసే బండచాకిరీ ఒక కారణమని అక్కడి పరిశోధకులు గట్టిగా అనుమానిస్తున్నారు. అక్కడ కొన్ని తోటల్లో నీడ, నీరు, విశ్రాంతి అనే మూడు సూత్రాలు పెట్టారు.

మన దగ్గర అదే కారణమని నేను అనను. కానీ కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న చోట, ఏప్రిల్, మే ఎండలో గట్టి నేల తవ్వే మనిషికి పనిచోట నీళ్లు, నీడ ఉండకపోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. తాగునీరు, నీడ, మందుల పెట్టె, చిన్నపిల్లలు ఐదుగురు ఉంటే చూసుకోవడానికి ఒక ఆయా, ఇవన్నీ చట్టంలో రాసిన హక్కులు. మన పనిచోట్ల ఎన్నింట్లో ఉన్నాయి? ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న సీసా ఖాళీ అయ్యాక ఎంతమంది దాహం ఆపుకుని పని చేస్తున్నారు? ఒకప్పుడు మన రాష్ట్రంలో వేసవి భత్యం ఉండేది. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మేలో 30, జూన్‌లో 20 శాతం పని తక్కువ చేసినా పూర్తి కూలి పడేది. ఎండలో నేల గట్టిపడుతుంది, మనిషి మెత్తబడతాడు అన్న ఇంగితం అది. దాన్ని తిరిగి తేవాలి. ఉద్దానం మండలాలకు ముందు తేవాలి.

హక్కు ఎక్కడ కారిపోతోంది

పథకంలో లోపాలు లేవని నేను చెప్పను. దొంగ మస్టర్లు చూశాం. పని చేయనివాడి పేరు పడటం, చేసినవాడి పేరు ఎగరడం చూశాం. సామాజిక తనిఖీలో బయటపడ్డ సొమ్ము తిరిగి రాకపోవడం కూడా చూశాం. కానీ దొంగతనం ఆపడానికి తెచ్చిన తాళాలు ఇంటివాళ్లనే బయట నిలబెడుతున్నాయి.

2023 జనవరి నుంచి అన్ని పనులకూ ఫోన్ యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. పొద్దున ఒక ఫోటో, నాలుగు గంటల తర్వాత ఇంకో ఫోటో. పొద్దున్నే వచ్చి పని ముగించుకున్నవాళ్లు రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవాలి. కొండ మీద సవర గూడేల్లో సిగ్నల్ లేకపోతే చేసిన పని లేనట్టే. 2024 జనవరి నుంచి ఆధార్ ముడిపడిన ఖాతాకే కూలి. పేరులో ఒక అక్షరం తేడా ఉన్న ముసలమ్మ బ్యాంకు చుట్టూ మూడు రోజులు తిరిగితే మూడు రోజుల కూలి పోయింది. తప్పు ఆవిడది కాదు, నష్టం ఆవిడది.

కూలి 15 రోజుల్లో పడాలి. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం అని పాత చట్టంలో ఉంది. ఆరు రోజుల కూలి 1,842 నెల రోజులు ఆలస్యమైతే పరిహారం ఎంత? 27 రూపాయల చిల్లర. అదే డబ్బు మీద ఆవిడ బయట కట్టే వడ్డీ 55 రూపాయలు. ఆ 27 కూడా పడిందన్న మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

వీటన్నిటికంటే పెద్ద లోపం మనది. పని అడిగినప్పుడు రసీదు తీసుకోం. నోటితో అడుగుతాం, నోటితో లేదంటారు. రసీదు లేకపోతే అడిగినట్టే లెక్క కాదు. నిరుద్యోగ భృతి మన జిల్లాలో ఎవరికైనా అందిందా అని అడిగితే ఈ హాల్లో ఒక్క చెయ్యి లేవలేదు చూడండి. హక్కు చట్టంలో ఉంది. దాన్ని నిలబెట్టే చిన్న కాగితం ముక్క మన దగ్గర లేదు.

రైతు ఏం తీసుకోవచ్చు

ఇన్నాళ్లూ మనం ఈ పథకాన్ని కూలీల పథకంగా చూసి దూరంగా ఉన్నాం. అది మన తప్పు. ఖర్చులో కనీసం 60 శాతం భూమి, నీరు, చెట్టు మీద పెట్టాలని పాత చట్టం చెప్పింది. చిన్న, సన్నకారు రైతు తన సొంత భూమిలో పని చేయించుకోవచ్చు, తానే అందులో కూలి తీసుకోవచ్చు. జీడి, కొబ్బరి, మామిడి మొక్కలకు గోతులు తీయడం, నాటడం, నీళ్లు పోసి బతికించడం, ఇవన్నీ చేయించుకున్న రైతులు మన మధ్యే ఉన్నారు. తిత్లీలో పోయిన తోట మళ్లీ లేవాలంటే పేదరైతుకు ఇంతకంటే దారి లేదు.

శివారు పిల్లకాలువల్లో పూడిక తీయించండి. ఇసుక నేలల్లో పంటకుంటలు తవ్వించండి. గెడ్డ గట్లు కట్టించండి. ఊరి చెరువు మదుము బాగుచేయించండి. గ్రామసభలో రైతులు కూర్చుని ఏ పని ముందు, ఏది వెనక అని తేల్చకపోతే, ఎవరికీ అక్కరలేని చోట గుంత తవ్వి, మరుసటి ఏడు అదే గుంత పూడుస్తారు. "ఉపాధి పని దండగ" అని ఎగతాళి చేసేది మళ్లీ మనమే. ఆ రోజు గ్రామసభకు ఎందుకు వెళ్లలేదు అని మనల్ని మనం అడుక్కోవాలి.

ఇప్పుడు చేయాల్సినవి

ఒకటి. ప్రతి ఊర్లో పని కావాలని రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టించి, తేదీతో రసీదు తీసుకోవాలి. ఇవ్వనంటే పది మంది కలిసి వెళ్లాలి. సంఘం కార్యకర్త వెంట ఉండాలి.

రెండు. విరామం తేదీలు గ్రామసభే నిర్ణయించేలా తీర్మానాలు చేయాలి. వరి ఊళ్లకు వేరు, జీడి ఊళ్లకు వేరు, మత్స్యకార గ్రామాలకు వేరు. తుపాను వచ్చిన మరునాడే విరామం దానంతటదే రద్దు కావాలి.

మూడు. కూలి మొత్తం కేంద్రమే భరించాలని, అడిగినంత పని ఇవ్వాలనే హక్కు చెక్కుచెదరకూడదని మన ఎంపీలను, ఎమ్మెల్యేలను నిలదీయాలి. ఏ పార్టీ వారైనా సరే.

నాలుగు. ఉద్దానంలో పనిచోట నీళ్లు, నీడ, వేసవి భత్యం లేకుండా పని మొదలుపెట్టకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మంచినీళ్లు అందించడం, పిల్లలను చూడటం వంటి తేలిక పనులే ఇవ్వాలి.

ఐదు. దీంతో పాటు వరికి ప్రకటించిన ధర కళ్లం దగ్గర దక్కాలి, జీడికి మద్దతు ధర రావాలి. ఈ రెండూ లేకుండా రైతు కూలి సరిగా ఇవ్వలేడు. ఇది నేను ఒప్పుకుంటున్నాను.

ఈ పలాస గడ్డ మీద 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పుల్లో వీర గున్నమ్మ ప్రాణం వదిలింది. ఆ పోరాటం మొదలైంది అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు దగ్గర. ఎంతో పెద్ద కోరిక కాదు, పొయ్యిలోకి కట్టె. ఆ రోజు మీది రైతు సమస్య, మాది కూలీ సమస్య అని ఎవరూ విడిపోలేదు. పొయ్యి అందరి ఇళ్లలోనూ ఉంది కనుక.

బాబాయ్, చివరగా మీకు ఒక మాట. మీ అబ్బాయి కౌలుకు చేస్తున్న ఆ రెండెకరాల్లో పోయిన ఏడు తుపాను నీరు నిలిచినప్పుడు, మీ కోడలు ఏ పనికి వెళ్లిందో మీరే నాకు చెప్పారు. ఆవిడ జాబ్‌కార్డు మీ ఇంట్లోనే ఉంది. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక దాన్ని ఒకసారి బయటకు తీసి చూడండి. రెండు నెలలు ఆపేసేది ఎవరి పనినో అందులో పేరు రాసి ఉంటుంది.